కదలని కాలూ దేహంలోనిదే

గులియన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు పేరు 2025 ఆరంభంలో, పుణెలో ఒకేసారి అనేకమందికి వచ్చినప్పుడు, మన పత్రికల్లో తరచుగా కనిపించింది. మా ఇంట్లో ఆ పేరు అంతకు కొన్నేళ్ల ముందే తెలుసు. ఆ జబ్బు నన్ను పాదాల దగ్గర పట్టుకుని మెడదాకా వచ్చింది, చివరికి ఊపిరిని కూడా యంత్రం పాలు చేసింది, ఆ తర్వాత నెలల తరబడి కొద్దికొద్దిగా వదిలింది. మాది ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న పల్లె. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా బాప్టిస్టు సంఘంలో ఆదివారం ఉదయం పెద్దల బైబిలు తరగతి నాదే. విశ్వాసి క్రీస్తుతో ఏకమై ఉన్నాడని, క్రైస్తవ జీవితం ఆ ఐక్యతలో నుంచి కృపవలన పుడుతుందని చెప్పే వాక్యభాగాలు ఆ తరగతిలో నాకు అన్నిటికంటే ప్రియమైనవి. మాట, కదలిక, ఆలోచన కూడా ఆగిపోయిన రోజుల్లో ఆ ఐక్యత ఎక్కడ ఉందో రాయాలని చాలాకాలంగా ఉంది.

వానలు మొదలైన రోజుల్లో మా ఊళ్లో చాలామందికి విరేచనాలు పట్టుకున్నాయి. నాకూ వచ్చి తగ్గిపోయాయి. ఆ సంగతి మరిచిపోయాక ఒక ఉదయం అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు తిమ్మిరి మొదలైంది. మరునాటికి నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోతున్నా తెలియలేదు. సాయంత్రం మా చర్చి మెట్లు ఎక్కడానికి మోకాళ్ల మీద చేతులు ఆనించుకోవలసి వచ్చింది. ఊళ్లో వైద్యం చూసే ఆయన నీరసమని చెప్పి సూది వేశాడు. ఆ రాత్రి మంచం మీద నుంచి లేవలేకపోయాను. మా అబ్బాయి కారు మాట్లాడి ఒంగోలు తీసుకెళితే, అక్కడి డాక్టరు చిన్న రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టి, కాలు ఏమాత్రం ఎగరకపోవడం చూసి, తెల్లవారేదాకా ఆగవద్దని గుంటూరు పంపించారు.

గుంటూరులో వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. నరాల్లో సంకేతం ఎంత వేగంగా నడుస్తోందో కొలిచే పరీక్ష కూడా చేశారు. పేగుల్లో చేరిన సూక్ష్మజీవితో పోరాడడానికి శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు, నరాలను కప్పి ఉంచే మైలిన్ అనే పొరను కూడా శత్రువుగా ఎంచి దెబ్బతీయడమే ఈ జబ్బని, విరేచనాలు తగ్గిన కొద్ది వారాలకు ఇలా రావడం వైద్యులు ఎరిగినదేనని, మా వాళ్లకు ఓపికగా చెప్పారు. దీనికి ఇచ్చే మందు ఇమ్యునోగ్లోబులిన్. రోగి బరువులో కిలోకు 2 గ్రాముల చొప్పున లెక్కకట్టి, 5 రోజులకు పంచి నరంలోకి ఎక్కిస్తారు. వేలమంది దాతల ప్లాస్మాను కలిపి ఆ మందు తయారుచేస్తారని తర్వాత తెలిసింది. ఆ దాతల కోసం ఈనాటికీ దేవుణ్ణి స్తుతిస్తూనే ఉన్నాను.

మందు ఎక్కుతుండగానే బలహీనత పైకి పాకింది. డాక్టరు పూటపూటకూ వచ్చి, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలనో చూసేవారు. ఛాతీ కండరాలు ఎంతవరకు పనిచేస్తున్నాయో మంచం దగ్గరే తెలుసుకునే పద్ధతి అది. పూటపూటకూ నా లెక్క కురచైపోయింది. ముఖం రెండు వైపులా బిగుసుకుపోయి కనురెప్పలు మూతపడకపోతే, రాత్రిళ్లు రెప్పల మీద ప్లాస్టరు అంటించేవారు. చివరికి గొంతులో గొట్టం వేసి వెంటిలేటరుకు కలిపారు.

ఆ గదిలో నాకు ఏ దర్శనమూ కలగలేదు, ఏ స్వరమూ వినబడలేదు. ఈ సంగతి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే సాక్ష్యాలలో అలాంటివి విని, తమకు అలా జరగలేదని కుంగిపోయే రోగులను నేను చూశాను. నాకు కలిగింది భయం. కాళ్లలోను వీపులోను నొప్పి, మత్తు, యంత్రం చప్పుడు, పగలో రాత్రో తెలియని వెలుతురు. నలభై ఏళ్లుగా నోటికి వచ్చిన కీర్తనలు సగంలో తెగిపోయేవి. "ప్రభువా" అని మనసులో అనుకుంటే ఆ తర్వాతి మాట వచ్చేది కాదు. మత్తు తగ్గించిన తర్వాత మా అబ్బాయి ఒక అట్ట మీద అక్షరమాల రాసి తెచ్చాడు. వాడు ఒక్కో అక్షరం మీద వేలు పెడుతుంటే, కావలసిన చోట నేను కళ్లు పైకెత్తాలి. గుణింతాలకు ఓపిక చాలక హల్లులతోనే సరిపెట్టుకునేవాళ్లం. ఒకనాడు మా ఇంటావిడ వచ్చినప్పుడు పకారం, రకారం, థకారం, నకారం చూపించి, తర్వాత తల కొద్దిగా అడ్డంగా ఆడించాను. ప్రార్థన రావడం లేదని ఆమెకు అర్థమైంది. నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఏమండీ, మీరు చెయ్యొద్దు. మేం చేస్తున్నాంగా. మీరు ఊరికే పడుకోండి" అంది.

ఆ మాట ఎంత లోతైనదో ఆ తర్వాతి రోజుల్లో పడుకుని ఆలోచించాను. ఆలోచించడం తప్ప వేరే పని లేదు కూడా. కొలస్సయి అనే ఊరి సంఘానికి రాసిన లేఖలో అపొస్తలుడైన పౌలు, క్రీస్తును శిరస్సుగా, సంఘాన్ని శరీరంగా చెప్పి, ఆ శిరస్సు మూలంగా "సర్వశరీరము కీళ్లచేతను నరములచేతను పోషింపబడి అతుకబడినదై" వృద్ధి పొందుతుందంటాడు. ఈ వాక్యం తరగతిలో ఎన్నోసార్లు చదివించాను. ఇప్పుడు నరాలు పనిచేయని దేహంతో దాని ముందు పడుకున్నాను. నా కుడికాలు మంచం మీద ఉంది. నేను కదలమంటే కదలదు, దుప్పటి తగిలినా సరిగ్గా తెలియదు, నాకు ఏ ఉపకారమూ చేయదు. అయినా అది నా కాలే. నా గుండె కొట్టుకున్న ప్రతిసారీ దానికి రక్తం అందుతూనే ఉంది. పుండ్లు పడకుండా నర్సులు దాన్ని పక్కకు తిప్పుతున్నారు, మా ఇంటావిడ గోరువెచ్చని నీటితో తుడుస్తోంది. పని మానేసింది గనక అది దేహంలోనిది కాదని ఎవరూ అనలేదు. కాలు నన్ను పట్టుకుని ఉండడం వల్ల నాది కాలేదు. నాతో పాటు పుట్టి, నా ప్రాణంతో బతుకుతోంది గనక నాది. క్రీస్తులో నేను అలాంటి అవయవాన్ని. నా ప్రార్థన ఆగింది, ఆయన జీవం నాలోకి రావడం ఆగలేదు. ఈ పోలికను ఇంతకంటే సాగదీయకూడదు, ఎందుకంటే నా తల పంపిన ఆజ్ఞ నా కాలిని చేరలేకపోయింది గాని, క్రీస్తు శక్తి చేరలేనంత దూరంలో ఆయన అవయవమేదీ లేదు.

"మీ జీవము క్రీస్తుతోకూడ దేవునియందు దాచబడియున్నది" అని అదే లేఖ మూడో అధ్యాయంలో ఉంది. దాచబడినది మనకు కనిపించకపోవచ్చు. అది మన చేతిలో లేకపోవడమే దాని భద్రత. నా జీవం నా అనుభూతిలో దాచబడి ఉంటే ఆ వారాల్లో అది ఎప్పుడో ఆరిపోయేది; నా పట్టుదలలో ఉంటే, వేలు కూడా ముడవలేని నేను దేన్ని పట్టుకోగలను? కృప అంటే అర్హత లేనివారికి దేవుడు చూపే దయ అని చిన్నపిల్లలకు నేర్పుతాం, అది నిజమే. అయితే ఆ దయ దూరం నుంచి పంపిన సహాయంగా రాదు. క్రీస్తే వస్తాడు, తనతో మనలను ఏకం చేసుకుంటాడు, తనకున్న నీతినీ జీవాన్నీ పుత్రత్వాన్నీ మనవి చేస్తాడు. "నా కృప నీకు చాలును" అని ఆయన పౌలుతో అన్నది, పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేసిన తర్వాత కాదు.

సంఘం గురించి కూడా ఇక్కడ చెప్పాలి. మా స్త్రీల సమాజం వాళ్లు వంతులవారీగా గుంటూరు వచ్చి మా ఇంటావిడకు అన్నం తెచ్చారు, ఆమెను నిద్రపుచ్చి తాము కారిడార్లో కూర్చున్నారు. మా సంఘ కాపరి అయ్యగారు, లోపలికి అనుమతించిన కొద్ది నిమిషాల్లో ఒక్క కీర్తన మాత్రం చదివి, ఏమీ అడగకుండా వెళ్లేవారు. నేను చేయలేని ప్రార్థన ఇతర అవయవాలు చేశాయి. ఐక్యత క్రీస్తుతో మాత్రమే కాదు, ఆయనలో ఉన్న అందరితోనూ అని అప్పుడు నాకు అన్నం రూపంలో, చెమట పట్టిన చేతుల రూపంలో కనిపించింది.

మా ప్రాంతంలో పుట్టినవాడికి ఇదంతా మరొక చోట నుంచి కూడా అర్థమవుతుంది. 1876 నుంచి 1878 వరకు వచ్చిన పెద్ద కరువులో, ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. తిండి కోసం విశ్వాసం ఒప్పుకున్నారనే మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపారు. ఆ తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు, చదువుకోనివారు. కరువులో ఇంట్లోవాళ్లను పాతిపెట్టి వచ్చినవారు. మా వంశంవారూ ఆ రోజుల్లో ఆ నీటిలో దిగినవారేనని మా నాయనమ్మ చెప్పేది. తనకు తాను బాప్తిస్మం ఇచ్చుకున్నవాడు ఎవడూ లేడు. మరొకరు ముంచాలి, మరొకరు లేపాలి, మనం చేయవలసింది ఆ చేతుల మీద బరువు వదలడమే. క్రీస్తుతో కూడ పాతిపెట్టబడ్డాం, ఆయనతో కూడ లేపబడ్డాం అని పౌలు రోమా సంఘానికి రాసిన లేఖ ఆరో అధ్యాయం చెబుతున్నది ఇదే. ఇద్దరు నర్సులు, ఒక వార్డుబాయ్ కలిసి నన్ను దుప్పటితో సహా ఎత్తి మరో మంచం మీదికి మార్చేటప్పుడు, ఆ నది నాకు గుర్తుకు వచ్చేది.

వెంటిలేటరు తీశారు, మాట వచ్చింది, మింగడం వచ్చింది. ఇంటికి వచ్చాక అసలు శ్రమ మొదలైంది. మైలిన్ పొర తిరిగి ఏర్పడడానికి వారాలు, నెలలు పడుతుంది. పొర లోపలి తీగ కూడా తెగి ఉంటే అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతుంది గనక, నడుము దగ్గర బయలుదేరిన నరం కాలివేళ్లను చేరేసరికి చాలాకాలం అవుతుంది. ఫిజియోథెరపీ చేయించడానికి వచ్చిన అమ్మాయి మొదటిరోజే ఒక మాట చెప్పింది: "సార్, కదలిక వచ్చిన కండరానికే పని ఇద్దాం, అదీ అలసిపోకముందే ఆపేద్దాం. బలవంతపెడితే ఈ జబ్బులో ఇంకా నీరసిస్తుంది." నరం బాగుపడేది వ్యాయామం వల్ల కాదని, నరం బాగుపడుతున్నకొద్దీ ఆ కండరాన్ని వాడుకోవడానికే వ్యాయామమని ఆమె వివరించింది. క్రైస్తవ జీవితంలో మన ప్రయాసకు ఉన్న స్థానం కూడా ఇదేనని నాకు తోచింది. మీ రక్షణను కొనసాగించుకోండి అని ఫిలిప్పీయులకు చెప్పిన పౌలు, ఆ వెంటనే, మీలో ఇచ్ఛనూ కార్యాన్నీ కలిగించేవాడు దేవుడే అంటాడు. ప్రయాస అక్కర్లేదని ఆయన అనడు. ప్రయాస జీవాన్ని తెస్తుందనీ అనడు. జీవం ముందే ఉంది గనకనే ప్రయాసకు అర్థం.

ఈ క్రమం నాకు ముఖ్యంగా కోపం విషయంలో అక్కరకు వచ్చింది. ఒక గ్లాసు నీళ్లకు కూడా మరొకరిని పిలవవలసిన మనిషికి కోపం సులువుగా వస్తుంది, నొప్పి ఎక్కువైన రాత్రుల్లో మరీను. అలాంటప్పుడు, కోపం వచ్చింది గనక క్రీస్తుకు దూరమయ్యాను, మళ్లీ దగ్గర కావడానికి ఏదైనా చేయాలి అని మొదలుపెడితే, ఆ దారికి అంతుండదు. క్రీస్తులో ఉన్నాను, పాపం విషయమై ఆయనతో కూడ మరణించాను, గనక ఈ కోపం ఇక నా యజమాని కాదు అని మొదలుపెడితే, క్షమాపణ అడగడానికీ గొంతు తగ్గించడానికీ బలం దొరుకుతుంది. "ఇకను జీవించువాడను నేను కాను, క్రీస్తే నాయందు జీవించుచున్నాడు" అనే పౌలు మాట నాకు వేదిక మీద కంటే ఆ రాత్రుల్లో ఎక్కువ పనికి వచ్చింది.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాను. ఎడమ పాదం ఇంకా పూర్తిగా పైకి లేవదు, దానికి చెప్పులో ఇమిడే పట్టీ కట్టుకుంటాను. కాలివేళ్ల తిమ్మిరి ఉండిపోవచ్చునని డాక్టరు చెప్పారు. దేవుడు బాగుచేస్తే పూర్తిగా ఎందుకు చేయలేదని ప్రేమతోనే అడిగేవారు ఉన్నారు. మందు ద్వారానైనా, నర్సుల చేతుల ద్వారానైనా నన్ను లేపినది ఆయనేనని నమ్ముతున్నాను. మిగిలిన దాని గురించి రోమా ఎనిమిదో అధ్యాయం స్పష్టంగా మాట్లాడుతుంది: క్రీస్తును మృతులలోనుంచి లేపినవాడు, మనలో నివసించే తన ఆత్మ ద్వారా, చావుకు లోనైన ఈ శరీరాలను కూడా జీవింపజేస్తాడు. ఆత్మకు మాత్రమే క్రీస్తుతో ఐక్యత అని లేఖనం ఎక్కడా అనలేదు. ఈ తిమ్మిరెక్కిన వేళ్లు కూడా ఆయనవే, వాటికీ ఆ వాగ్దానం వర్తిస్తుంది. అది నెరవేరే దినం దాకా పట్టీ కట్టుకుని నడుస్తాను.

ఇటీవల ఇదే జబ్బుతో మంచాన పడిన ఒక కుర్రవాణ్ణి ఒంగోలులో చూసి వచ్చాను. వాళ్లమ్మ రోజంతా పక్కన కూర్చుని, వాక్యం చెప్పు నాయనా, చెప్పు, అని వాడిని బతిమాలుతోంది. "అమ్మా, వాక్యం నువ్వు చెప్పు, వాణ్ణి నిద్రపోనివ్వు. వాడు చెప్పలేకపోయినా ప్రభువు వాణ్ణి విడవడు" అన్నాను. ఆమె చదవలేనంటే, అక్కడే కూర్చుని యోహాను సువార్త పదిహేనో అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా చదివాను. సగానికే వాడికి నిద్రపట్టింది, మిగతాది ఆమె విన్నది.