పీటర్ బర్నెట్: యూబా నది ఒడ్డు నుంచి గవర్నర్ పదవికి

కాలిఫోర్నియా తొలి గవర్నర్ పీటర్ బర్నెట్‌కు బంగారం కలిసివచ్చిన మాట నిజమే. అయితే అధికారం చేతికి వచ్చిన ప్రతిచోటా అతడు ఎవరినో ఒకరిని వెళ్లగొట్టాలని చూశాడు. అతడి జీవితాన్ని అక్కడి నుంచే చదవాలని నా అభిప్రాయం.

1807లో నాష్‌విల్‌లో పుట్టిన బర్నెట్, మిస్సోరీలో వ్యాపారం దెబ్బతిని అప్పులపాలై, 1843లో కుటుంబంతో ఒరెగాన్‌కు వలస వెళ్లాడు. మరుసటి ఏడే అక్కడి శాసన సంఘ సభ్యుడిగా, నల్లజాతివారు ఆ ప్రాంతం విడిచిపోవాలని, పోనివారికి 20 నుంచి 39 వరకు కొరడా దెబ్బలు వేయాలని చట్టం చేయించాడు. కొరడా శిక్షను మాత్రం అమలుకు రాకముందే తొలగించారు.

1848 జనవరిలో కాలిఫోర్నియాలోని కొలోమా దగ్గర జాన్ సట్టర్ అనే భూస్వామి రంపపు మిల్లు కాలువలో బంగారం కనబడింది. ఆ వార్త వేసవిలో ఒరెగాన్‌కు చేరగానే, అప్పులు తీర్చే దారి దొరికిందని బర్నెట్ పెద్ద బండ్ల బిడారుతో బయలుదేరి, నవంబరులో యూబా నది ఒడ్డుకు చేరాడు. అక్కడ పనిముట్టు ఊయల లాంటి చెక్కపెట్టె. పైన ఇసుక, గులకరాళ్లు పోసి, ఒకరు నీళ్లు వంచుతుంటే మరొకరు ఊపాలి. మట్టి కొట్టుకుపోగా, బరువైన బంగారు రేణువులు అడుగున అడ్డంగా కొట్టిన బద్దల దగ్గర నిలిచిపోతాయి. చలినీటిలో రోజంతా చేయాల్సిన ఆ చాకిరీని బర్నెట్ కొద్ది వారాలకే వదిలేసి, సట్టర్ కుమారుడి తరఫున శాక్రమెంటోలో ఇళ్ల స్థలాలు అమ్మి బాగా సంపాదించాడు.

1849 నవంబరు 13న ప్రజలు అతడిని గవర్నర్‌గా ఎన్నుకున్నారు. నల్లజాతివారిని రానివ్వకూడదని ఇక్కడా కోరాడు కానీ శాసనసభ అంగీకరించలేదు. ఆదివాసుల విషయంలో అలాంటి అడ్డేమీ లేకపోయింది. 1850 ఏప్రిల్‌లో వచ్చిన చట్టం పేరులో వారి ‘రక్షణ’ ఉంది. లోపల చూస్తే, ఊరికే తిరుగుతున్నాడన్న ఆరోపణపై ఆదివాసిని పట్టుకుని, అతడి శ్రమను వేలంలో ఎక్కువ పాడినవారికి అప్పగించవచ్చు, వారి పిల్లలను తెల్లవారి ఇళ్లలో పనికి పెట్టుకోవచ్చు, ఆదివాసి సాక్ష్యంపై తెల్లవాడికి శిక్ష వేయడానికి మాత్రం వీల్లేదు. 1851 జనవరిలో శాసనసభకు పంపిన సందేశంలో, ఆదివాసి జాతి అంతరించేదాకా నిర్మూలన యుద్ధం సాగుతుందనే అనుకోవాలని బర్నెట్ రాశాడు. ఒక పాలకుడు ఆ మాటను అధికారిక పత్రంలో అంత తాపీగా రాయగలగడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. కొద్ది రోజులకే అతడు రాజీనామా చేశాడు.

1858లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఆర్చీ లీ అనే బానిస యువకుడి కేసులో, చట్టం యజమానికి వ్యతిరేకంగా ఉందని ఒప్పుకుంటూనే, ఆ యజమాని చిన్నవాడు, అనారోగ్యంతో ఉన్నాడన్న కారణంతో ఆర్చీని బర్నెట్ అతడికే అప్పగించాడు. నల్లజాతివారు పట్టు విడవకుండా పోరాడడంతో, ఆ తర్వాతి విచారణలో ఆర్చీకి స్వేచ్ఛ లభించింది.

మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన శాన్ హోసేలో బర్నెట్ పేరిట ఉన్న మాధ్యమిక పాఠశాలకు 2019లో అక్కడి ఆదివాసులైన మువెక్మా ఓలోనీల పేరు పెట్టారు. అక్కడ చదివే మన పిల్లలకు ఆ 1851 సందేశాన్ని చూపించి, పేరు ఎందుకు మారిందో చెప్పాలని నా కోరిక.