రెండు గ్లాసులు, ఒక చిటికెడు ఉప్పు

ఆ రాత్రి ఫోనులో అక్క గొంతు వణుకుతోంది. "ఇన్నేళ్లుగా ఈ నీళ్లే తాగాం. ఇప్పుడు ఈ పసిదానికీ ఇవే పోస్తున్నాం" అని ఆగిపోయింది. ఏమైందని అడిగితే కాసేపటికి గానీ చెప్పలేకపోయింది.

నీళ్లు ఉచితంగా పరీక్షిస్తామంటూ మధ్యాహ్నం ఒకతను ఇంటికి వచ్చాడట. ఒక గ్లాసులో వంటింటి కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో తన సీసాలోని నీళ్లు పోశాడు. నాలుగు కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింటిలోకీ దించి మీట నొక్కాడు. నిమిషం తిరిగేలోగా కుళాయి నీళ్లు ఆకుపచ్చగా మారి, ఆపైన గోధుమరంగు తెట్టు కట్టాయి. అతని సీసా నీళ్లు తేటగానే ఉన్నాయి. "ఈ మడ్డి అంతా మీ మనవరాలి కడుపులోకి పోతోందమ్మా" అన్నాడట. బావ కూడా ఇంట్లో ఉండే వేళ చూసి, మర్నాడు సాయంత్రం నీళ్లు శుద్ధి చేసే యంత్రం కాగితాలతో వస్తానని చెప్పి వెళ్లాడు.

నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఆ పరికరం గురించి నాకు బాగా తెలుసు. ఫోనులో ఎంత చెప్పినా అక్క మనసు కుదుటపడదని కూడా తెలుసు, ఎందుకంటే ఆ తెట్టును ఆమె కళ్లారా చూసింది. మర్నాడు అతని కంటే ముందే అక్క ఇంటికి చేరుకున్నాను.

వచ్చినతను పాతికేళ్లు కూడా నిండని అబ్బాయి, మర్యాదస్తుడు. నిన్న చేసిందే మరోసారి చేసి చూపించమని అడిగాను. చూపించాడు, అదే తెట్టు వచ్చింది. "ఇప్పుడు మీరు తెచ్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు వేయనిస్తారా?" అని అడిగాను. కాస్త తడబడి, సరేనన్నాడు. ఉప్పు వేసి, పూర్తిగా కరిగేదాకా చెంచాతో కలిపాను. నీళ్లు మునుపటిలాగే తేటగా ఉన్నాయి. కడ్డీలు దించి మీట నొక్కమన్నాను. ముందు కడ్డీ చుట్టూ పొగలాగా ఆకుపచ్చ చార లేచింది, తర్వాత నురగ వచ్చింది, చివరికి గ్లాసు అడుగు కనిపించనంత మడ్డి పేరుకుంది. కుళాయి నీళ్ల కంటే అవే ఎక్కువ మురికిగా తయారయ్యాయి.

అక్క గ్లాసును కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇందులో ఉప్పు తప్ప మనం ఇంకేమీ వేయలేదు కదా?" అంది.

వేయలేదు. ఆ మడ్డి కడ్డీది. జతలో ఒక కడ్డీ ఇనుము, రెండోది అల్యూమినియం. నీటిలో లవణాలు కరిగి ఉంటే విద్యుత్తు ప్రవహిస్తుంది, ఇనుప కడ్డీ కొద్దికొద్దిగా కరిగి నీటిలోకి దిగుతుంది. ఆ ఇనుమే మొదట ఆకుపచ్చగా, గాలి తగిలాక తుప్పు రంగులో కనిపిస్తుంది. లవణాలన్నీ తీసేసిన నీటిలో విద్యుత్తు దాదాపుగా ప్రవహించదు కాబట్టి ఏ మార్పూ ఉండదు. అబ్బాయిని అడిగి కడ్డీలను గుడ్డతో తుడిచి అక్కకు చూపించాను. ఇనుప కడ్డీ చెదలు తిన్న కర్రలా గుంటలు పడి ఉంది. "మాకు నేర్పిన పద్ధతి ఇదేనండీ" అన్నాడతను. ఆ మాట నిజమేనని నేను నమ్మాను. నాకు కోపం వచ్చింది అతని మీద కాదు, పసిపిల్ల ఉన్న ఇంట్లో ఈ దృశ్యం చూపిస్తే ఆ ఇంటివాళ్లకు నిద్ర పట్టదని ముందే లెక్కవేసి అతని చేతికి ఆ పెట్టె ఇచ్చి పంపినవాళ్ల మీద.

కడ్డీల పరికరం తర్వాత తరచుగా కనిపించేది కలంలాంటి టీడీఎస్ మీటరు. ఇది మోసపు వస్తువు కాదు, మేమూ వాడేవాళ్లం. నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో కొలిచి, దాన్నిబట్టి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉండవచ్చో అంచనా కట్టి చూపిస్తుంది. అంతవరకే దాని పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీడీఎస్‌కు, అంటే నీటిలో కరిగిన మొత్తం లవణాలకు, ఆరోగ్యపరమైన హద్దు ఏదీ పెట్టలేదు. 600 లోపు ఉంటే సాధారణంగా రుచి బాగుంటుందని, 1000 దాటితే నీళ్లు తాగబుద్ధి కాకుండా పోతాయని మాత్రమే చెప్పింది. అక్క ఇంట్లో మీటరు 640 చూపించింది. ఆ అంకె వైపు వేలు చూపి "ఇది విషం" అనడం అబద్ధం.

ఇందులో నన్ను నిజంగా బాధపెట్టే సంగతి వేరే ఉంది. తాగే నీటిలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. సీసం అనే లోహానికీ అదే అంకె. పది మైక్రోగ్రాములంటే మిల్లీగ్రాములో నూరో వంతు. ఆ హద్దుకు అయిదు రెట్లు ఆర్సెనిక్ ఉన్నా అది మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతే. మిల్లీగ్రాముల్లో లెక్కపెట్టే మీటరు మీద ఒక్క అంకె కూడా కదలదు. సూక్ష్మజీవుల సంగతి అది పట్టించుకోనే పట్టించుకోదు. అందువల్ల మీటరు 900 చూపిన నీళ్లు క్షేమంగానే ఉండవచ్చు, 90 చూపిన నీళ్లు ప్రమాదకరంగానూ ఉండవచ్చు. అనవసరంగా భయపడేవాళ్ల కంటే, తక్కువ అంకె చూసి నిశ్చింతగా ఉండిపోయేవాళ్లను తలచుకుంటే నాకు ఎక్కువ దిగులు.

తేటదనమూ రుచీ భరోసా కావు. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా చెలరేగినప్పుడు, వైద్యుడు జాన్ స్నో దాని మూలాన్ని అక్కడి ఒక చేతిపంపు దాకా వెతికి పట్టుకున్నాడు. ఆ పంపు నీటి రుచి అంటే ఇష్టపడి, వేరే పేటకు మారాక కూడా వాటినే తెప్పించుకుని తాగిన ఒక వృద్ధురాలు ఆ కలరాకే బలైంది. మనిషి నాలుక పసిగట్టగలిగేది చాలా కొంచెం. ఆర్సెనిక్‌కు రంగూ వాసనా రుచీ ఉండవు, నైట్రేట్ కూడా అంతే.

సబ్బు నురగ పరీక్ష గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. నురగ రాకపోతే నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువని అర్థం. గిన్నెలకు, హీటర్లకు తెల్లని గార పడుతుంది, సబ్బు ఎక్కువ ఖర్చవుతుంది. అదొక ఇబ్బందే గానీ ఆపద కాదు. మీ ఇబ్బంది అదే అయితే, కాఠిన్యం కొలిచి తగిన యంత్రం చూపించేవాడు మీకు న్యాయమే చేస్తున్నాడు. ఇలాంటి నిజాయితీపరులను నేను చూశాను, అందరినీ ఒకే గాటన కట్టలేను.

క్లోరిన్ చుక్కల పరీక్ష మాత్రం నాకు మింగుడుపడదు. గ్లాసులో చుక్కలు వేయగానే నీళ్లు పసుపురంగుకో గులాబీరంగుకో మారతాయి. "చూశారా, రసాయనం!" అంటారు. తర్వాత మరో గ్లాసు నీళ్లలో మిమ్మల్ని వేళ్లు ముంచి ఉంచమంటారు. ఈసారి చుక్కలు వేసినా రంగు రాదు. "క్లోరిన్ అంతా మీ చర్మం పీల్చుకుంది" అని చెబుతారు. నిజానికి చర్మం మీది జిడ్డుతో, చెమటతో చర్య జరిపి క్లోరిన్ అక్కడే ఖర్చయిపోతుంది. సరఫరా నీటిలో కాస్త క్లోరిన్ మిగిలి ఉండాలి. గొట్టాల్లో దారి పొడవునా సూక్ష్మజీవులు చొరబడకుండా కాపలా కాసేది అదే. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండేలా చూడాలంటారు, 5 వరకు ఆరోగ్యానికి ఇబ్బంది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనల్ని కాపాడుతున్నదాన్నే చూపించి మనల్ని భయపెట్టడం నేను క్షమించలేను.

నేను రోజూ చేసిన పని చెబుతాను, తేడా మీకే తెలుస్తుంది. సూక్ష్మజీవుల పరీక్షకు సీసా ముందుగానే సూక్ష్మజీవరహితంగా చేసి ఉండాలి. క్లోరిన్ కలిసిన నీళ్లయితే అందులో సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంచేవాళ్లం. లేకపోతే దారిలోనే క్లోరిన్ సూక్ష్మజీవుల్ని చంపేసి, ఫలితం తప్పుగా బాగుందని వస్తుంది. కుళాయి మూతికి ఉన్న జాలీ విప్పి, మూతిని శుభ్రం చేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి అప్పుడు పట్టాలి. మూత లోపలి భాగానికి వేలు తగలకూడదు. సీసాను చల్లగా ఉంచి వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఇరవై నాలుగు గంటల లోపు ప్రయోగశాలకు చేర్చాలి. అక్కడ శరీరపు వేడికి దగ్గరగా ఉండే ఇంక్యుబేటర్‌లో ఒక రోజైనా ఉంచితేనే అవి పెరిగి కంటికి కనిపిస్తాయి. ప్రాణి పెరగడానికి పట్టే సమయాన్ని ఎవరూ కుదించలేరు. వంటింట్లో నిలబడి అయిదు నిమిషాల్లో "మీ నీళ్లలో బాక్టీరియా ఉంది" అని ఎవరైనా అంటే అది పరీక్ష ఫలితం కాదు.

సీసం కోసమైతే పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. నీళ్లు వదలకూడదు. రాత్రంతా కుళాయి వాడకుండా ఉంచి, తెల్లవారాక వచ్చే మొదటి లీటరే పట్టాలి, ఎందుకంటే సీసం కలిసేది ఇంటి గొట్టాల్లో నీళ్లు నిలిచినప్పుడే. అందుకే "అన్నీ పరీక్షిస్తాం" అనే మాట నాకు నచ్చదు. దేని కోసం వెతుకుతున్నామో ముందు తేల్చుకోవాలి. ఇల్లు పాతదైతే సీసం, సొంత బోరైతే సూక్ష్మజీవులు, నైట్రేట్, నేల తీరునుబట్టి ఫ్లోరైడ్, ఆర్సెనిక్ అడగాలి. సీసాపాలు తాగే పసిబిడ్డ ఉంటే నైట్రేట్ పరీక్ష తప్పనిసరి. దాని హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. నైట్రేట్ ఉన్న నీటిని మరిగించడం పొరపాటు, నీరు ఆవిరై పోయేకొద్దీ అది మరింత చిక్కబడుతుంది.

యంత్రాల సంగతీ ఇలాగే ఉంటుంది. అతినీలలోహిత దీపం సూక్ష్మజీవుల్ని అణచగలదు, ఆర్సెనిక్‌ను ముట్టుకోదు. మామూలు బొగ్గు ఫిల్టరు క్లోరిన్ వాసన తీస్తుంది, నైట్రేట్‌ను ఆపదు. "ధ్రువీకరణ ఉంది" అంటే దేనికి అని అడగండి. నీటి ఫిల్టర్లకు వర్తించే ఎన్‌ఎస్‌ఎఫ్ అనే సంస్థ ప్రమాణాల్లో 42 అనేది రుచి, వాసన, క్లోరిన్‌కు సంబంధించింది. సీసంలాంటి ఆరోగ్య సమస్యలకు 53, ఆర్ఓ యంత్రాలకు 58. ఒకటి చూపించి ఇంకొకటి అనిపించడం కష్టమేమీ కాదు.

అక్క దగ్గర అతను ఒక కాగితం నింపించుకున్నాడు. ఇల్లు సొంతమా అద్దెదా, ఇంట్లో ఎందరు, పిల్లలెందరు, ఇద్దరూ ఎప్పుడు ఇంట్లో ఉంటారు, ఫోను నంబరు, ఇవీ ప్రశ్నలు. ట్యాంకు మూత సరిగా ఉందా, బోరు ఎంత లోతు అని ఒక్కటీ లేదు. ఉచితం అన్నదానికి మూల్యం ఆ కాగితమే. తలుపు దగ్గర పెట్టి వెళ్లే ఖాళీ సీసా, దానికి కట్టిన ప్రశ్నల చీటీ కూడా ఇందుకోసమే. నీటి సరఫరా విభాగం నుంచి వచ్చామని చెబితే, వాళ్లిచ్చిన కార్డు మీది నంబరుకు కాకుండా మీ నీటి బిల్లు మీది నంబరుకు ఫోను చేసి కనుక్కోండి. ఆ రోజే సంతకం పెడితేనే తగ్గింపు అన్నారంటే ఆ రోజు సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టేసినా కుంగిపోవద్దు. ఇంటికి వచ్చి అమ్మిన వస్తువు ఒప్పందాన్ని కొన్ని రోజుల్లో రద్దు చేసుకునే హక్కు చాలా దేశాల చట్టాల్లో ఉంది, వెంటనే కాగితం వెనకవైపు చదవండి.

నిజమైన ఉచిత పరీక్షలూ ఉంటాయి. సరఫరా నీళ్లయితే వాటిని పరీక్షిస్తూ ఉండాల్సింది సరఫరా చేసేవాళ్లే, ఆ నివేదిక అడిగి తీసుకోవచ్చు. కొన్ని చోట్ల ప్రజారోగ్య విభాగాలు, ముఖ్యంగా వరదల తర్వాత, ఇళ్ల బావులూ బోర్లూ పరీక్షిస్తాయి. వాళ్లు యంత్రం అమ్మరు, అదే గుర్తు. డబ్బు కట్టి చేయించుకుంటే పరీక్షా ప్రయోగశాలల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 17025 గుర్తింపు ఉన్న ప్రయోగశాల చూసుకోండి. ఆ గుర్తింపు మీరు అడిగే పరీక్షకు కూడా వర్తిస్తుందో లేదో కనుక్కోండి.

అక్క నీళ్లు అలాంటి చోటికే పంపించాం. సీసా నేనే పట్టాను. నాలుగో రోజు నివేదిక వచ్చింది. కాఠిన్యం ఎక్కువే. నైట్రేట్ 18, నిశ్చింత. ఆర్సెనిక్, సీసం హద్దులకు బాగా కిందే ఉన్నాయి. మలం కలిసిందని చెప్పే ఈ-కోలై బాక్టీరియా లేదు, కానీ దాని కుటుంబానికే చెందిన కోలిఫాం బాక్టీరియా కనిపించింది. అంటే బయటి మలినం లోపలికి రావడానికి ఎక్కడో దారి ఉండవచ్చు. బావతో కలిసి మేడ ఎక్కి చూస్తే ట్యాంకు మూత ఒక పక్క పగిలి ఉంది. పగులు పక్కనే పిట్ట రెట్టలు, లోపల నీటి మీద రెండు ఈకలు. కడ్డీలు చూపించిన మడ్డిలో ఇది లేదు. ఆ యంత్రం కొని ఉంటే తాగే ఒక్క కుళాయి దగ్గర సూక్ష్మజీవుల్ని ఆపేదేమో. మూత మాత్రం అలాగే ఉండేది, పాలసీసాలు అదే నీటితో కడిగేవాళ్లు.

ట్యాంకు ఖాళీ చేసి, గోడలు తోమించి, క్లోరిన్ పట్టించి, కొత్త మూత బిగించాం. రెండో నమూనా నిన్న ఉదయం ఇచ్చి వచ్చాను. ఫలితం వచ్చేదాకా తాగేవీ, పాలసీసాలు కడిగేవీ కళపెళా మరిగించిన నీళ్లే కావాలని అక్కకు చెప్పాను. నైట్రేట్ తక్కువని తేలింది కాబట్టి మరిగించడానికి భయం లేదు. ఆమె గ్యాస్ పొయ్యి పక్కన గడియారం పెట్టుకుని, బుడగలు పైకి పొంగాక నిమిషం లెక్కపెడుతోంది.