రోజూ వచ్చే టెన్షన్ తలనొప్పికి నివారణ మందు: నా అనుభవం

తల చుట్టూ పట్టీ బిగించినట్టు రెండు వైపులా ఉండే నొప్పి నెలకు 15 రోజులు, ఆపైన, మూడు నెలలు దాటి వస్తుంటే అది దీర్ఘకాలిక టెన్షన్ తలనొప్పి. నాది అదే. మందు రాసేముందు డాక్టర్ నాలుగు వారాల లెక్క రాసుకురమ్మన్నారు: నొప్పి ఏ రోజు వచ్చింది, పదికి ఎంత, ఏ బిళ్ల ఎన్ని వేసుకున్నాను. ఈ లెక్కను తేలిగ్గా తీసుకోకండి. పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన బిళ్లలైతే 10 రోజులు, అలా నెలల తరబడి మింగితే ఆ బిళ్లలే తలనొప్పి తెచ్చిపెడతాయి. అందుకే ముందుగా వాటిని వారానికి రెండు రోజులకు కుదించుకున్నాను.

రాసింది అమిట్రిప్టిలిన్. అది డిప్రెషన్ మందని తెలిసి కంగారుపడేవాళ్లున్నారు. దీనికి వాడే మోతాదు అంతకంటే చిన్నది. గుండె జబ్బు, కంట్లో నీటికాసులు, మూత్రం ఆగిపోవడం ఉన్నాయా అని అడిగి, ఈసీజీ తీశారు. ట్రమడాల్ అనే నొప్పి మందు గానీ వేరే డిప్రెషన్ మందు గానీ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి.

మొదట 10 మిల్లీగ్రాములు, పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు. పొద్దున మగత వదలకపోతే మాత్రను ఇంకాస్త ముందుగా వేసుకోవాలి. మగత పోయేదాకా బండి నడపొద్దు. వారం, రెండు వారాలకోసారి డాక్టర్ 10 చొప్పున పెంచారు. చాలామందికి 30 నుంచి 75 మధ్య సరిపోతుంది, నాకు 40 దగ్గర కుదిరింది.

చాలామంది మానేసేది రెండో వారంలోనే. నోరెండిపోవడం, మగత, మలబద్ధకం మొదటి రోజుల్లోనే మొదలవుతాయి, గుణం కనపడేది నాలుగు నుంచి ఎనిమిది వారాలకు. ఈ మధ్యకాలం నిజంగా కష్టం. గుక్కగుక్కగా నీళ్లు, చక్కెర లేని చూయింగ్ గమ్, పీచు ఉన్న తిండి సాయపడతాయి. ఈ మందుతో బరువు పెరగొచ్చు, అందుకే వారానికోసారి చూసుకోవాలి.

నొప్పి పూర్తిగా పోవాలని చూడకూడదు. నొప్పి ఉన్న రోజులు సగానికి తగ్గితే మందు పనిచేసినట్టే. తగిన మోతాదులో రెండు నెలలు వాడినా మార్పు లేకపోతే మిర్టాజపిన్, వెన్లాఫాక్సిన్ అనే వేరే మందులున్నాయి.

ఆరు నుంచి పన్నెండు నెలలు బాగుంటే తగ్గించి చూస్తారు, అదీ మెల్లగా. ఒక్కసారిగా ఆపితే వికారం, నిద్రలేమి, మళ్లీ తలనొప్పి. తగ్గించేటప్పుడూ లెక్క రాయడం ఆపలేదు. నొప్పి రోజులు పెరిగితే ముందటి మోతాదుకే వెళ్లాలని డాక్టర్ చెప్పారు.