నాలుగడుగుల చెరువు: పెద్ద ట్యాంకులోకి చేపలు మార్చిన నా అనుభవం

చేపలన్నీ బతికే ఉన్నాయి. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా చెప్పుకోవచ్చు. గోల్డ్ ఫిష్ రకాలైన ఒరాండాలు, నల్ల మూర్‌లు, ఒక కామెట్, గాజుకు నోటితో అతుక్కుని ఉండే, జానెడు పెరిగిన సక్కర్ చేప. ఒక్కటీ పోలేదు. కడపలో, మే నెల ఎండలో, రెండడుగుల ట్యాంకు నుంచి నాలుగడుగుల దాంట్లోకి మార్చి ఒక్క చేపనూ పోగొట్టుకోనివాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి కలుస్తాను.

ట్యాంకు కొనడం సులువు. ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు. అంచుకు రెండంగుళాలు వదిలి నింపినా 220 లీటర్ల పైమాటే. లీటరు నీళ్లంటే కిలో బరువు. గాజు, గులకరాళ్లు కలిపితే మూడు క్వింటాళ్లకు దగ్గర పడుతుంది. అందుకే మేడ మీద పెడదామన్న పిల్లల కోరిక కొట్టేసి కింద హాల్లోనే గోడవారన పెట్టాను. ఇనుప స్టాండు, దాని మీద కడప బండ, బండ మీద థర్మోకోల్ షీటు. మన బండ ట్యాంకు కింద ఎంత బాగుంటుందో లోపల అంత చేటు. అది సున్నపురాయి, నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. అందంగా ఉంటుందని ముక్కలు పేర్చేవాళ్లను చూశాను కాబట్టి చెప్తున్నా.

సిలికాన్ పులుపు వాసన పోయేదాకా ఆరబెట్టి, నిండా నింపి, కింద పరిచిన పేపరు తడవలేదని చూసుకున్నాను. బోరు నీళ్లు వద్దనుకున్నాను, బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీళ్లవి. కుళాయి వచ్చిన రోజు డ్రమ్ములు నింపి, మూతలు తీసి, ఎయిర్ పంపు పెట్టి ఒక రోజంతా వదిలేశాను. పైన యాంటీ క్లోరిన్ చుక్కలు కూడా వేశాను. మార్చే ముందు రోజు చేపలకు మేత పెట్టలేదు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

తంటా అంతా ఫిల్టర్ స్పాంజి దగ్గర వచ్చింది.

చేపలు వదిలేది అమ్మోనియా. స్పాంజిలో కాపురముండే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కొంత ఉన్నా చేప తట్టుకుంటుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా సొంతంగా స్థిరపడాలంటే నెల, నెలన్నర పడుతుంది. పాత స్పాంజిని తడి ఆరకుండా కొత్త ట్యాంకులోకి తెచ్చుకుంటే ఆ బాధ ఉండదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. అందుకే స్పాంజిని పాత ట్యాంకు నీళ్లతోనే ఒక బకెట్లో పెట్టి, ఎవ్వరూ ముట్టుకోవద్దని అందరికీ వినబడేలా చెప్పాను.

అప్పుడు నేను లోపల సక్కర్‌తో కుస్తీ పడుతున్నాను. దాని రెక్కల ముందుండే ముల్లు వలలో ఇరుక్కుంటే గుంజకూడదు, రెక్క చిరుగుతుంది. తడిగుడ్డ మీద పడుకోబెట్టి, గోళ్ల కత్తెరతో వల దారం ఒక్కొక్కటీ కత్తిరించాల్సి వచ్చింది. అది కళ్లు గుండ్రంగా తిప్పుతూ నన్నే చూస్తోంది. వల లేకుండా డబ్బాతో ముంచి పట్టుకోవాలని ఎంత చెప్పినా ట్యాంకు బిగించడానికి షాపతను పంపిన కుర్రాడు వింటేనా! "అంత పెద్ద చేప ఏంటికి సార్, బుగ్గవంకలో ఇడ్సేయండి" అని సలహా కూడా ఇచ్చాడు. సక్కర్ మన నీళ్లలో పుట్టిన చేప కాదు, దక్షిణ అమెరికాది. ఇలా ఇళ్లలోంచి బయటపడినవే మన రాష్ట్రంలో చెరువుల్లో పెరిగి, వలలు చింపి, మత్స్యకారుల పొట్ట కొడుతున్నాయి. పెంచలేకపోతే షాపులో తిరిగి ఇవ్వండి. వంకలో, చెరువులో మాత్రం వదలొద్దు, దండం పెడతాను.

నేను బయటికి వచ్చేసరికి ఆ కుర్రాడు కుళాయి కింద స్పాంజి పెట్టి, తెల్లగా వచ్చేదాకా పిండి, నవ్వుతూ చూపించాడు. "కొత్తదాని మాదిరి అయింది సార్!" క్లోరిన్ నీళ్లు, ఆ బ్యాక్టీరియాను చంపేసేవి. పాత గులకరాళ్లను కూడా బ్రష్షు పెట్టి తోమేశాడు. నాకు నోట మాట రాలేదు.

చేపలు బాగానే దిగాయి. కవర్లు పావుగంట నీళ్లలో తేలనిచ్చి, గ్లాసు గ్లాసు కొత్త నీళ్లు కలిపి వదిలాం, లైటు ఆర్పేశాం. మర్నాటికి నీళ్లు పాలవిరుగులా తయారయ్యాయి. ఆ మర్నాడు మూర్‌లు పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తున్నాయి. షాపుకు ఫోన్ చేస్తే, "కొత్త ట్యాంకు అట్లే ఉంటాది, నీలం మందు ఏయండి" అన్నాడు. ఆ మందు వేస్తే మిగిలిన కాస్త బ్యాక్టీరియా కూడా పోతుంది. కుర్రాడు చేసిన పని చెబితే, "కడిగితే తప్పా సార్? మురికి పోయిందిగా" అని ఫోన్ పెట్టేశాడు.

అమ్మోనియా ఎంతుందో తెలియాలి. మా ఊళ్లో అడిగిన ప్రతి షాపులోనూ నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపే పీహెచ్ కాగితాలే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కిట్ ఆర్డర్ పెడితే వారం తర్వాత వస్తుందంది. చేపల పని చూసే ఆఫీసు ఒకటి ఉంది కదా అని, శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టుకుని పోయాను. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు.

"ఎన్నెకరాలు?" అన్నాడు కుర్చీలో ఆయన, తలెత్తకుండా.

"నాలుగడుగులు సార్."

"నాలుగెకరాలు" అని రాసుకుంటున్నాడు.

"ఎకరాలు కాదు సార్. అడుగులు."

పెన్ను కింద పెట్టాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి పక్క టేబుల్‌కు కేకేశాడు. "అన్నా, ఇట్ల రా! సార్‌ది నాలుగడుగుల చెరువంట!" ఆయన వచ్చాడు, టీ పట్టుకొచ్చిన మనిషి కూడా ఆగిపోయాడు. "ఏం చేప ఏసినారు, బొచ్చా రాగండా?" గోల్డ్ ఫిష్ అన్నాను. "కిలో ఎంత పలుకుతాది?" గది గదంతా నవ్వు. బెంచీ మీద కూర్చున్న రైతులు కూడా నవ్వారు, వాళ్లను ఏమీ అనలేను. అయినా సీసా ముందుకు జరిపి, ఒక్క అమ్మోనియా పరీక్ష చేస్తే చాలు, ఫీజు కడతాను అన్నాను. "సాంపులు రైతు పేరు మీద రావల్ల. పాసుబుక్కు జిరాక్సు ఉండాల. సర్వే నంబరు రాయల్ల." మా హాలుకు సర్వే నంబరు ఎక్కడినుంచి తేను? నవ్వితే నవ్వారు, కుదరదని మొదటి నిమిషంలోనే చెప్పి పంపేయొచ్చు కదా. దాదాపు గంట కూర్చోబెట్టి, దారిన పోయే ప్రతివాడికీ నన్ను చూపించారు. బయటికొచ్చి సీసా నీళ్లు వేపచెట్టు మొదట్లో పోసేశాను.

ఇంటికి రాగానే ఆకివీడులో చెరువులు చేసే మా బావమరిదికి ఫోన్ చేశాను. ముందే చేయాల్సింది అంటుంది మా ఆవిడ, వాళ్ల తమ్ముడు కాబట్టి. "బావగారూ, చేప తేలిందంటే ముందు మేత ఆపేయాలండీ. పీహెచ్ ఎంత?" అన్నాడు. కాగితం ఎనిమిది చూపిస్తోందని చెప్పాను. "అదండీ సంగతి. ఏడు నుంచి ఎనిమిదికి వెళ్తే అదే అమ్మోనియా దాదాపు పది రెట్లు విషమండీ. నీళ్లు వేడెక్కినా విషం పెరుగుతుందండీ." రోజూ మూడో వంతు నీళ్లు మార్చమన్నాడు, గాలి గట్టిగా కొట్టమన్నాడు. జియోలైట్ అనే ఖనిజం వేస్తే అమ్మోనియాను పట్టుకుంటుందని, దాంతోపాటు ఉప్పు మాత్రం వేయొద్దని, వేస్తే పట్టుకున్నదంతా మళ్లీ వదిలేస్తుందని చెప్పాడు. ఆ షాపతను మందుతో పాటు ఉప్పు కూడా అమ్మబోయాడు!

అసలు ప్రాణం పోసింది మాత్రం పెద్ద దర్గా వైపు ఉండే ఒక భాయ్. ఏళ్ల తరబడి నడుస్తున్న ట్యాంకు ఆయనది. విషయం వినగానే తన ఫిల్టర్ లోంచి మడ్డి పట్టిన స్పాంజి తీసి, తన ట్యాంకు నీళ్లతోనే కవర్లో వేసిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. మీ చేపలకు రోగాలేమీ లేవు కదా అని మొహమాటపడకుండా అడిగాను, మీరూ అడగాలి. రోగమున్న ట్యాంకు నుంచి ఫ్రీగా వచ్చినా తీసుకోకూడదు.

ఎండకు టేబుల్ ఫ్యాను నీళ్ల మీదికి తిప్పాను. మన ఊరి పొడిగాలికి రెండు మూడు డిగ్రీలు ఇట్టే తగ్గుతాయి. కరెంటు పోతుందని బ్యాటరీ పంపు కొన్నాను, ఆ రాత్రే పోయింది కూడా.

కిట్ వచ్చాక మొదటి పరీక్షలో నీళ్లు ఆకుపచ్చగా మారాయి, అమ్మోనియా ఉందన్నమాట. తర్వాత రోజురోజుకూ రంగు పలచబడుతూ వచ్చి, నిన్న సాయంత్రం ట్యూబులో పసుపు వచ్చింది. పసుపంటే సున్నా. నైట్రైట్ ఇంకా కొంచెం కనబడుతోంది కాబట్టి నీళ్లు మార్చడం ఆపలేదు. ఈ పొద్దున ఒరాండాలకు చిటికెడు మేత వేశాను, సక్కర్‌కు దోసకాయ ముక్క. షాపతను ఫిల్టర్‌కు బిల్లు ఇంకా ఇవ్వలేదు, రేపు వెళ్లి అడగాలి.