పాదం మీద నైలాన్ దారం

మా నాన్నగారికి మధుమేహం వచ్చి పదేళ్లు దాటాక, ఒక డాక్టరుగారు ఆయనను కళ్లు మూసుకోమని, అరికాలి మీద ఒక్కొక్క చోట నైలాన్ దారాన్ని అది వంగేంత వరకు మాత్రమే ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. బొటనవేలి మొదట్లో ఆనించినప్పుడు నాన్నగారు ఏమీ అనలేదు. దారం అక్కడికి వచ్చిన సంగతే ఆయనకు తెలియలేదు. ఆ దారం పది గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. ఆ మాత్రం స్పర్శ కూడా లేని పాదానికి చెప్పు కరిచినా, రాయి గుచ్చుకున్నా తెలియదు గనుక, పుండు ముదిరే దాకా ఎవరి కంటా పడదు.

జబ్బు వచ్చాక ఇక నివారణ ఏముంటుందని అంతవరకు అనుకునేవాడిని. ఉన్న జబ్బు కాలినో, కంటినో, మూత్రపిండాలనో బలి తీసుకోకుండా చూడడం కూడా నివారణే, వైద్యులు దానిని తృతీయ నివారణ అంటారు. టీకా వంటి వాటితో జబ్బును రానివ్వకపోవడం ప్రాథమికం, లక్షణాలు బయటపడకముందే పట్టుకోవడం ద్వితీయం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ఈ మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. 2030 నాటికి 90 శాతం ఆడపిల్లలకు పదిహేనేళ్లలోపు, ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా, 70 శాతం స్త్రీలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి పరీక్ష, జబ్బు బయటపడినవారిలో 90 శాతం మందికి చికిత్స అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లక్ష్యం పెట్టింది.

పరీక్షలు ఎన్ని ఎక్కువ చేయించుకుంటే అంత మేలన్న నమ్మకాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. దక్షిణ కొరియాలో లక్షణాలేవీ లేనివారికి కూడా థైరాయిడ్ స్కానింగ్ విరివిగా చేయడంతో, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే దాదాపు 15 రెట్లయ్యాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. ఎన్నడూ హాని చేయని గడ్డల కోసం ఎందరో గ్రంథిని తీయించుకుని, జీవితాంతం మాత్రలు మింగవలసి వచ్చింది. అనవసర వైద్యం నుంచి మనిషిని కాపాడడాన్ని బెల్జియం వైద్యుడు మార్క్ జమూల్ 1986లో చతుర్థ నివారణగా ప్రతిపాదించారు. ఏ పరీక్షకైనా ఒప్పుకునే ముందు, అందులో ఏదైనా కనబడితే తరువాత ఏం చేస్తారని అడగడం మా ఇంట్లో అలవాటైంది.

నైలాన్ దారం పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు సూటిగా దొరికింది. నాన్నగారు ఇప్పుడు ఉత్త కాళ్లతో నడవరు. చెప్పు తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడుముతారు. రాత్రి పడుకోబోయే ముందు నేలమీద అద్దం పెట్టుకుని, రెండు అరికాళ్లనూ వేళ్ల సందులతో సహా చూసుకుంటారు.