పైన్ అడవిలో అనుకోని బస

ముందస్తు ఆలోచనేమీ లేకుండా, ఒక సెలవు రోజు ఉదయం అప్పటికప్పుడు అనుకుని, భార్యాపిల్లలతోనూ మా అమ్మతోనూ కలిసి పైన్ అడవిలో రాత్రి గడపడానికి బయలుదేరాను. ప్రయాణం అప్పటికప్పుడు అనుకున్నదే అయినా అనుమతి విషయంలో తొందరపడలేదు. అక్కడ టెంటు వేసుకోనిస్తారా, మంట వేసుకోవచ్చా అని అటవీ సిబ్బందికి ఫోను చేసి అడిగిన తర్వాతే సామాను సర్దాం. టెంటుకు అభ్యంతరం లేదని, నేల బాగా ఎండిపోయి ఉన్నందున మంట మాత్రం వేయవద్దని చెప్పారు.

పిల్లలు కొంత నిరాశపడ్డారు గానీ, అడవిలో అడుగుపెట్టగానే కారణం వాళ్ళకే కనిపించింది. పైన్ ఆకులు సూదుల్లా సన్నగా ఉండి, రాలినప్పుడు మధ్యలో గాలి ఆడేలా పొరలుపొరలుగా పేరుకుంటాయి. వాటిలో జిగురు కూడా ఉంటుంది కాబట్టి ఎండితే ఇట్టే అంటుకుంటాయి. అంతకన్నా ప్రమాదకరమైనది అడుగున కుళ్ళుతూ ఉండే పొర. పైన మంట ఆరినట్టే కనిపించినా, నిప్పు ఆ పొరలో లోలోపల రాజుకుంటూ కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి కొన్ని రోజుల తర్వాత కూడా పైకి లేవగలదు. అందుకే వంటకు తెచ్చిన చిన్న గ్యాస్ పొయ్యిని సైతం ఆకులు లేని రాతినేల మీదే పెట్టి, పక్కన నీళ్ళ డబ్బా ఉంచుకున్నాం.

నా దృష్టిలో ఇలాంటి బసలో అన్నిటికన్నా ముఖ్యమైనది చోటు ఎంచుకోవడం. గుబురు చెట్ల కింద చీకటి త్వరగా పడుతుంది కనుక, ఎండ ఇంకా ఉండగానే ఆ పనికి దిగాం. మొదట చూడవలసింది నేలను కాదు, పైకి. పైన్ చెట్ల కింది కొమ్మలు నీడ వల్ల ఎండిపోయి చాలాకాలం అలాగే వేలాడుతూ ఉంటాయి. గాలి వీస్తే అవి పడవచ్చు. అటువంటి కొమ్మలుగానీ ఎండిన చెట్లుగానీ లేని చోటు దొరికాక, నీరు నిలిచే పల్లం కాదని చూసుకుని, అక్కడి కాయలను ఏరి పక్కన పెట్టాం. ఒక్క కాయ వీపు కింద ఉన్నా రాత్రంతా నిద్ర ఉండదు.

ఆకుల మెత్తదనంలో మేకులు నిలవవు. అందువల్ల మేకు దిగే చోట ఆకులను పక్కకు తోసి, గట్టి మట్టి తగిలే వరకు వెళ్ళి, మేకు తల టెంటుకు ఎడంగా వాలేటట్టు ఏటవాలుగా దించాం. వేరు అడ్డు వచ్చిన చోట పట్టుబట్టకుండా జానెడు పక్కకు జరిగాం. ఎండిన ఆకులు వాలు మీద బాగా జారుతాయి కాబట్టి, అమ్మ నడిచే దారి పొడవునా వాటిని కాలితో పక్కకు నెట్టి ఉంచాను.

ఇంతలో మా అబ్బాయి ఒక చెట్టును కౌగిలించుకుని, రెండు అరచేతులూ బంక చేసుకుని వచ్చాడు. బెరడుకు గాయమైన చోట చెట్టు తనను తాను కాపాడుకోవడానికి స్రవించే జిగురు అది. సబ్బుతో ఎంత రుద్దినా వదలలేదు; వంటనూనె రాసి, కరిగాక సబ్బుతో కడిగితే పోయింది.

రాత్రి చలి కింద నుంచే ఎక్కువగా వస్తుంది. పడుకున్న బరువుకు పరుపు అణిగిపోయి ఒంటి వేడి నేలలోకి పోతుంది కనుక, కప్పుకునేవాటికన్నా పరుచుకునేవే ఎక్కువ తెచ్చాం. తిండి సామానంతా కారులో పెట్టి తాళం వేశాం. ఊపిరి తేమ లోపల నీరుగా మారకుండా టెంటు గాలి కిటికీలు కొద్దిగా తెరిచే ఉంచాం. నడిరాత్రి అమ్మ లేచి, "వాన మొదలైనట్టుందిరా, చూడు" అంది. బయటికి వెళ్ళి చూస్తే చినుకు లేదు. కోట్లాది సూదుల మధ్య నుంచి గాలి పోతున్న శబ్దమే.

తెల్లవారాక అమ్మాయి, ముందురోజు విచ్చుకుని ఉన్న కాయలు ముడుచుకుపోయాయని ఆశ్చర్యపోయింది. తేమ తగిలితే కాయ చుట్టూ ఉండే చెక్కలాంటి రేకుల బయటి పొర లోపలి పొరకన్నా ఎక్కువగా ఉబ్బి, రేకు లోపలికి వంగుతుంది. ఆరితే తిరిగి తెరుచుకుంటుంది. రెక్కలున్న విత్తనాలు పొడి వాతావరణంలో గాలికి దూరంగా ఎగిరిపోవడానికి ఈ ఏర్పాటు. చెట్టు నుంచి రాలిన కాయ కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది.

టెంటు విప్పాక మేకుల గుంతలను పూడ్చి, తోసిన ఆకులను తిరిగి పరిచాం; నేల తేమను నిలిపేది ఆ పొరే. తడిసిన టెంటును మడిచి ఉంచితే బూజు పడుతుంది కాబట్టి, ఇంటికి చేరగానే ముందుగా దాన్ని విప్పి ఆరబెట్టాం.