కుళాయి ముందా, మరుగుదొడ్డి ముందా

మంగళవారం. రాత్రి పదిన్నర.

వంటింటి కుళాయి మూడు రోజులుగా కారుతోంది. అపార్ట్‌మెంట్ ఆఫీసుకు రెండుసార్లు చెప్పాను. వస్తామన్నారు, రాలేదు. ముప్పై నాలుగేళ్లు మునిసిపాలిటీ నీటి సరఫరా విభాగంలో పనిచేసిన మనిషి ఇంట్లో ఉండగా కుళాయి కారడం నాన్నకు తలవంపుగా ఉన్నట్టుంది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి సింకు కింద వాల్వు కట్టేసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పిడి ఊడదీసి కూర్చున్నారు.

"ఇందులో వాషరే లేదురా" అన్నారు, ఎవరో మోసం చేసినట్టు.

వాషర్ ఉండాల్సిన చోట బొటనవేలంత ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్ ఉంది. దాన్ని వెలుతురుకు పట్టి మెల్లగా తిప్పారు. చుట్టూ ఉన్న రబ్బరు రింగు ఒకచోట కోసుకుపోయింది. ఇద్దరం కారేసుకుని వెళ్లి అలాంటిదే కొత్తది తెచ్చాం. ఆయన బిగిస్తుంటే ఫోను టార్చి పట్టుకుని నిలబడ్డాను. ఊరికే నిలబడలేక డిస్నీలాండ్ కుళాయిల కథ ఎత్తుకున్నాను.

కాలిఫోర్నియాలో మేముండే అనహైమ్‌లోనే ఆ పార్కు. మొన్న శనివారం అమ్మానాన్నలను తీసుకెళ్లాను. కోట చూసి నాన్న ఏమీ అనలేదు. పైకి వెళ్లేకొద్దీ రాళ్లు చిన్నవి చేసి, 77 అడుగుల కోటను ఇంకా ఎత్తుగా కనిపించేలా కట్టారని చెబితే, "మన గోపురాలూ అంతేగా, పై అంతస్తులు చిన్నవవుతాయి" అంది అమ్మ. నాన్న మాత్రం వాన నీరు ఎటు పోతుందో వెతుకుతూ నేల చూసుకుంటూ నడిచారు. అప్పుడే చెప్పి ఉండాల్సింది, తోచలేదు.

నారింజ తోటలు కొట్టేసి ఏడాదిలో పార్కు కట్టారు. డబ్బు కోసం వాల్ట్ డిస్నీ తన జీవిత బీమా మీద కూడా అప్పు తెచ్చాడు. తీరా ప్రారంభం దగ్గరపడేసరికి ప్లంబర్లు సమ్మెకు దిగారు. మరుగుదొడ్లూ, తాగునీటి కుళాయిలూ రెండూ పూర్తిచేసే వ్యవధి లేదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

నాన్న రెంచి తిప్పడం ఆపారు. "ఏది ఎంచుకున్నాడు?"

"మీరైతే?"

"మరుగుదొడ్లే. నీళ్లు డ్రమ్ముల్లోనైనా పెట్టచ్చు. అవి ఎక్కడి నుంచి తెస్తాం?"

డిస్నీ లెక్కా అదే. కాకపోతే ఆయనకు డ్రమ్ముల ఆలోచన రాలేదు. 1955 జూలై 17, ఆదివారం. ఎండ 38 డిగ్రీల దాకా ఉంది, తాగడానికి నీళ్లు దొరకవు, అమ్మకానికి మాత్రం కూల్‌డ్రింకులున్నాయి. అవి అమ్ముకోవడానికే కుళాయిలు పెట్టలేదని జనం తిట్టుకున్నారు. పిలుపులు అందినవాళ్లకు తోడు దొంగ టికెట్లవాళ్లు దూరి, మొత్తం 28 వేల మంది దాకా పోగయ్యారు. వెనక కంచెకు నిచ్చెన వేసి మనిషికి 5 డాలర్లు వసూలు చేసిన ఘనుడు కూడా ఉన్నాడట. కొత్తగా పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి.

"ముప్పై ఎనిమిదికే? మన రెంటచింతల వాళ్లు వింటే నవ్వుతారు" అన్నారు నాన్న.

ఇంత గందరగోళంలోనూ కార్యక్రమమంతా టీవీలో ప్రత్యక్షప్రసారం అయింది. దాని వ్యాఖ్యాతలు ముగ్గురిలో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ ఒకడు. ఆ మాట నాన్న చెవికి ఎక్కలేదు. ఆయనకు నీళ్ల సంగతి కావాలి. అందుకని నది కథ చెప్పాను. పార్కులో కృత్రిమంగా తవ్విన నదిలో తొలిసారి నీళ్లు వదిలితే ఇసుకనేల మొత్తం పీల్చేసుకుంది. చివరికి బంకమట్టి తెచ్చి అడుగున పరిచారు.

"చెరువు తవ్వే ఏ మేస్త్రీని అడిగినా ముందే చెప్పేవాడు."

శనివారం మేమెక్కిన పెద్ద తెల్లటి ఆవిరి పడవ నీళ్లలో మునిగి ఉన్న పట్టా వెంట నడుస్తుందని, ఆ పట్టా కనబడకుండా నీటికి రంగు కలుపుతారని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. "చెప్పద్దూ! అక్కడే చెబితే వంగి చూసేవాణ్ని కదరా."

ఊపు మీద ఫ్లోరిడాలో ఉన్న ఇంకో డిస్నీ పార్కు సంగతీ చెప్పేశాను. అక్కడ పనివాళ్లు తిరిగే సొరంగాలు నిజానికి నేలమట్టంలోనే ఉన్నాయి. కొంచెం తవ్వితే నీరు పడే నేల కాబట్టి ముందు వాటిని కట్టి, పక్కన సరస్సు తవ్వగా వచ్చిన మట్టిని చుట్టూ పోసి, వీధులను పై అంతస్తులో వేశారు. జనం నేల అనుకుని నడిచేది ఒక మేడ మీద. చెత్తను గొట్టాల్లో గాలితో లాగేస్తారు. ఆ గొట్టాల వ్యాసం ఎంత అని అడిగారు నాన్న. రేపు వెతికి చెప్పాలి.

అమ్మకు ఈ గొట్టాలేవీ పట్టలేదు. 1961లో నెహ్రూ ఇక్కడికి వచ్చాడని, డిస్నీయే దగ్గరుండి తిప్పి చూపించాడని చెబితే మాత్రం బియ్యం ఏరడం ఆపి తలెత్తింది. అంతకు రెండేళ్ల ముందు రష్యా నాయకుడు కృశ్చేవ్ వస్తానంటే భద్రత చాలదని రానివ్వలేదు, పాపం ఆయన బహిరంగంగానే అలిగాడు.

"మనవాణ్ని రానిచ్చారుగా" అంది అమ్మ తృప్తిగా.

తొమ్మిదిన్నరకు పార్కు టపాసులు మొదలయ్యాయి. వేసవి కదా, రోజూ ఉంటాయి. వచ్చిన మొదటి రాత్రి ఆ చప్పుడు విని ఎవరి పెళ్లని అడిగిన అమ్మ ఇప్పుడు బాల్కనీలోకి కూడా రాదు. నాన్నా రాలేదు. కుళాయి కింద స్టీలు గ్లాసు పెట్టి, పొద్దున చూద్దామని పడుకున్నారు.

ఇది రాస్తూ మధ్యలో లేచి వెళ్లి చూశాను. అడుగున రెండు చుక్కలున్నాయి. పెట్టినప్పుడే గ్లాసు తడిగా ఉందో, తర్వాత పడ్డాయో తెలియదు. తుండుతో తుడిచి మళ్లీ అక్కడే పెట్టాను.